జీతమా, ప్రశ్నా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడుల్లో చదివే మీలో చాలామంది విదేశీ కంపెనీలో పెద్ద జీతం కోరుకుంటారు. తప్పేమీ లేదు. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు విశ్వవిద్యాలయం వదిలి 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1947లో అక్కడ ఆయన బృందం కనిపెట్టిన హెట్రజాన్‌ను, అంటే డి.ఇ.సి. మాత్రను, బోదకాలు నివారణకు మన దేశంలో నేటికీ పంచుతున్నారు.

అయితే కంపెనీలో ప్రశ్నను ఎంచుకునేది సాధారణంగా కంపెనీయే. అమ్ముడుపోయే జవాబు దానికి కావాలి.

గద్వాల పత్తి విత్తనాల పొలాలు చూశారా? సాయంత్రం మొగ్గలోని కేసరాలను చేత్తో తీసేస్తారు. మరునాడు పొద్దున వేరే రకం పుప్పొడి అద్దుతారు. అలా వచ్చేదే సంకర విత్తనం. (ఈ పనికోసం మీ ఈడు పిల్లలు బడి మానిన రోజులున్నాయి.) వాణిజ్యపరంగా సాగైన తొలి సంకర పత్తి హెచ్-4ను 1970లో అందించినవారు సూరత్ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన సి.టి. పటేల్.

నాగర్‌కర్నూలు దగ్గరి పాలెంలోనూ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. జొన్న, ఆముదం వంటి మెట్టపంటల మీద పనిచేస్తుంది. అలాంటి చోట అమెరికా జీతాలు రావు. అయినా మీ నాన్న పొలంలో పుట్టిన ప్రశ్నను అక్కడ పట్టుకోవచ్చు. నా ఓటు దానికే. కేసరాలు తీసే పని లేకుండా, తక్కువ ఖర్చుతో గద్వాల రైతు ఈ విత్తనం పండించేదెలా? ఆ పని ఇంకా మిగిలే ఉంది.