ఎవరి కోసం ఈ తర్ఫీదు?

నాడీ శాస్త్రంలో, పర్యావరణ ఆరోగ్యంలో యువ శాస్త్రజ్ఞులను తయారుచేయాలంటే ఈనాడు కాదనేవారు లేరు. ఎలా తయారుచేయాలి అన్నప్పుడే అసలు పేచీ. విశ్వవిద్యాలయాలలోని పెద్దలు కొందరు అంటారు: "కుర్రవాడికి యంత్రం వాడడం నేర్పండి, లెక్కలు కట్టడం నేర్పండి. తక్కినదంతా రాజకీయం. శాస్త్రానికి పక్షం లేదు." ఈ సిద్ధాంతం పైకి ఎంతో నిర్మలంగా కనిపిస్తుంది. ఆచరణలో మాత్రం విషం వదిలేవాడికి అండ, విషం మింగేవాడికి మొండిచెయ్యి. దీన్ని నేను బొత్తిగా ఒప్పుకోను.

జపానులోని మినమాట చరిత్ర చూడండి. చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ పాదరసం కలిసిన మురుగును సముద్రంలోకి వదిలింది. అక్కడి చేపలు తిన్న జాలరి కుటుంబాలలో చేతులు వణికాయి, చూపు కుంచించుకుపోయింది, మాట తడబడింది. 1956లో ఈ జబ్బును అధికారుల దృష్టికి తెచ్చింది ఆ కంపెనీ ఆస్పత్రి డాక్టరు హొసొకవాయే. 1959లో ఆయన ఫ్యాక్టరీ మురుగును తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు. పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. ఆయన దాన్ని వాఙ్మూలంగా చెప్పింది 1970లో, రోగశయ్య మీద నుంచి. ఈలోగా 1968 దాకా విషం పారుతూనే ఉంది. ఆయనకు ప్రయోగం చేయడం రాకనా? ప్రయోగం వచ్చు. జీతమిచ్చేవాడు నోరు మూయమంటే ఏం చేయాలన్నది మాత్రం ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు.

అదే ఊరికి 1960 దశకం మొదట్లో హరద మసజుమి అనే యువ వైద్యుడు వెళ్ళాడు. కుమమొటొ విశ్వవిద్యాలయంలో నాడీ, మానసిక వైద్యం అభ్యసిస్తున్నవాడు. ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ ఒకే లక్షణాలు కనిపించాయి. పెద్దవాడిది మినమాట జబ్బు అన్నారు. చేప ముట్టని చిన్నవాడిది పుట్టుకతో వచ్చిన పక్షవాతమన్నారు. తల్లి ఒప్పుకోలేదు. కడుపుతో ఉండగా తాను తిన్న చేపలే బిడ్డను దెబ్బతీశాయన్నది. తల్లి మాయ విషాన్ని బిడ్డదాకా చేరనివ్వదని ఆనాటి వైద్యుల నమ్మకం. హరద ఆ తల్లి మాటను కొట్టిపారేయలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. పరిశోధనకు పెట్టాడు. తల్లి మాటే నిజమైంది. 1962లో గర్భస్థ శిశువులకు సోకిన మినమాట జబ్బును అధికారికంగా గుర్తించక తప్పలేదు.

పక్షం వహిస్తే సత్యం వంకర పోదా అని అడిగేవారికి ఇదే నా జవాబు. ఎవరి ప్రశ్న తీసుకోవాలన్న చోట పక్షం ఉంటుంది. జవాబు కొలిచే చోట ఉండకూడదు. ఆ పెద్దలు ఈ రెంటినీ కలగాపులగం చేసి, కొలతలో ఉండవలసిన నిష్పాక్షికతను ప్రశ్నకు ముసుగుగా తొడుగుతున్నారు.

ఇది పరాయి దేశపు పాత కథ అనుకోకండి. 2020 డిసెంబరులో మన ఏలూరులో ఆరువందలకు పైగా జనం మూర్ఛలతో, కళ్ళు తిరిగి పడిపోయి ఆస్పత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది. మరికొన్ని పరీక్షలు పురుగుమందుల వైపు వేలు చూపాయి. నీళ్ళు చూసేవారు ఒకరు, రక్తం చూసేవారు ఇంకొకరు, మూర్ఛకు మందిచ్చేవారు మరొకరు. ఈ మూడు పనులూ ఎరిగిన యువకులు జిల్లాకు నలుగురున్నా, జనం పడిపోయిన తర్వాత ఢిల్లీకి సీసాలు పంపే దుస్థితి ఉండేదా?

ఇక భయం సంగతి. అమెరికాలో నీడిల్మన్ 1979లో రెండువేలకు పైగా పిల్లల ఊడిన పాలపళ్ళలో సీసం కొలిచి, సీసం ఎక్కువున్న పిల్లల తెలివీ, శ్రద్ధా తగ్గుతున్నాయని చూపాడు. 1991లో ఆయనపై శాస్త్ర మోసం అభియోగం వచ్చింది. మోపినవారు సీసం కంపెనీల పక్షాన నిపుణులుగా నిలిచినవారు. విచారణలో మోసం లేదని తేలింది. అంతటివాడికే ఆ గతి పడితే, ఐదేళ్ళ ఫెలోషిప్‌తో నెట్టుకొస్తూ రేపటి ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రవాడు నోరు విప్పుతాడా?

కాబట్టి తర్ఫీదు అంటే యంత్రాల పరిచయం ఒక్కటే కాదు. ప్రతి విద్యార్థీ కనీసం ఒక ఏడాది ఫ్యాక్టరీ వాడలోనో, పురుగుమందు కొట్టే పల్లెలోనో పనిచేయాలి. కార్మిక సంఘాలు, రైతుకూలీలు అడిగే ప్రశ్నలు పరిశోధనాంశాలు కావాలి. డబ్బిచ్చినవాడి అనుమతి లేకుండానే ఫలితాలు ప్రకటించే హక్కు ముందుగానే రాసివ్వాలి. ఆ ఫలితం వల్ల ఉద్యోగం పోదన్న హామీ ఉండాలి. ఇవి ప్రభుత్వం దయతలచి ఇచ్చేవి కావు. అధ్యాపక, విద్యార్థి సంఘాలు పోరాడి సాధించవలసినవి.

మెదడును గురించి ఎంతో తెలిసి, ఆ మెదడుకు విషం పెడుతున్నవాడి పేరు చెప్పలేని శాస్త్రజ్ఞుణ్ణి తయారుచేయడానికి ప్రజల సొమ్ము ఎందుకు?