పట్టాలో పేరు సరే, బాడుగ సంగతేమిటి?

స్త్రీకి ఇంటిమీద హక్కు అనగానే మన చర్చ ఆస్తి దగ్గర మొదలై పట్టా దగ్గర ముగుస్తుంది. తండ్రి ఇంట్లో వాటా, ప్రభుత్వం ఇచ్చే స్థలంలో పేరు - ఈ రెండింటి కోసం స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ పోరాటాల విలువను తక్కువ చేయనక్కర్లేదు. కానీ సొంత ఇల్లు చేతికొచ్చేదాకా ఆ స్త్రీ ఎక్కడ తల దాచుకుంటుంది? పల్లెల విషయంలో ఈ ప్రశ్న మన సభల్లో గానీ, వినతిపత్రాల్లో గానీ కనిపించదు. బాడుగ ఇల్లు పట్నాల సమస్య అనీ, పల్లెలో ఎవరి గూడు వాళ్ళకుంటుందనీ ఒక నమ్మకం పాతుకుపోయింది.

ఈ నమ్మకానికి లెక్కలు కూడా తోడయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో 94.7 శాతం సొంత ఇళ్ళలో ఉన్నాయి. బాడుగ ఇళ్ళలో ఉన్నవి 3.4 శాతమే. పట్టణాల్లో ఇది 27.5 శాతం. ఈ అంకెలు చూసి పల్లెలో బాడుగ సమస్యే లేదని తేల్చేయడం సులువు. కానీ ఆ లెక్కలో ఇల్లు సొంతమైంది కుటుంబానికి. ఆ కుటుంబంలోని స్త్రీకి అందులో ఏం ఉందో లెక్క అడగదు. భర్త వెళ్ళగొడితే అన్న ఇంటి వసారాలో పడుకునే స్త్రీ కూడా జనాభా లెక్కల్లో 'సొంత ఇంట్లో' ఉన్నట్టే. బాడుగకు గది దొరకనందువల్లే ఆమె అక్కడ ఉంది. అంటే బాడుగ సమస్య ఎంత తీవ్రంగా ఉంటే లెక్కల్లో అంత తక్కువగా కనిపిస్తుంది.

చిత్తూరు జిల్లాలోని బంగారుపాళ్యాన్నే తీసుకుందాం. చిత్తూరు నుంచి పలమనేరుకు పోయే దారిలో ఉన్న మండల కేంద్రం. మామిడి మార్కెట్టుకు పేరున్న ఊరు. తోతాపురి కాయలు దిగే నెలల్లో లారీలతో, వ్యాపారులతో, కూలీలతో కిటకిటలాడుతుంది. చుట్టూ ఉన్నవి మాత్రం గుట్టల నడుమ విసిరేసినట్టున్న పల్లెలు. ఇటీవలి కాలంలో ఈ మండలానికి కొత్త రాకపోకలు పెరిగాయి. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఈ మండలం మీదుగానే పోతోంది. నూనెగుండ్లపల్లె దగ్గర పరిశ్రమలు వచ్చాయి. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలయ్యాక పల్లెల్లో ఉద్యోగం చేసే యువతుల సంఖ్య కూడా పెరిగింది. ఇదంతా అభివృద్ధే. అయితే ఇలాంటి ఊళ్ళో బాడుగకిచ్చే ఇళ్ళు ఉండేవే కొన్ని. కాంట్రాక్టరు తన మనుషుల కోసం మిద్దె మొత్తం ఒకేసారి తీసుకుంటానంటే, ఒంటరి స్త్రీ నెలనెలా లెక్కపెట్టి ఇచ్చే డబ్బుకు ఇంటివాళ్ళు ఒక గది ఎందుకు మిగుల్చుతారు?

పల్లెలో బాడుగ గది వెతికే స్త్రీలు ఎవరో ఒకసారి గుర్తు చేసుకుందాం. మొదటి వరసలో మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలి వచ్చినవాళ్ళు, అత్తింట్లో చోటు పోయిన వితంతువులు. రెండో వరసలో బదిలీ మీద వచ్చిన టీచర్లు, నర్సులు, సచివాలయ ఉద్యోగినులు. మూడో వరసలో సీజనుకు పని వెతుక్కుంటూ వచ్చే కూలి స్త్రీలు. ఉద్యోగినులకు జీతంతోపాటు ఇంటి అద్దె భత్యం వస్తుంది. మిగతా ఇద్దరికీ వచ్చే కూలిలో అలాంటి పద్దు ఉండదు.

ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటితే అది భరించలేని ఇల్లని నిపుణులు సాధారణంగా వాడే కొలమానం ఒకటుంది. దాని ప్రకారం లెక్క కడదాం. అంగన్‌వాడీ ఆయాలకు మన రాష్ట్రంలో 2019లో నిర్ణయించిన గౌరవ వేతనం 7,000 రూపాయలు. అందులో 30 శాతం 2,100. ఒంటరి మహిళలకు 2024 జూలై నుంచి పెన్షన్ 4,000. అందులో ఇంటికి పెట్టగలిగేది 1,200. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఏడాదికి నూరు రోజులూ దొరికినా మొత్తం 30,700, నెలకు 2,558. ఇంటి వంతు 767 రూపాయలు! తలుపూ గొళ్ళెమూ, పక్కన మరుగుదొడ్డీ ఉన్న గది 767 రూపాయలకు ఏ మండల కేంద్రంలో దొరుకుతుందో మనలో ఎవరైనా చెప్పగలమా?

నెల బాడుగ కన్నా ముందు అడ్డొచ్చేది అడ్వాన్సు. బాడుగ రెండు వేలనీ, అడ్వాన్సు మూడు నెలలదనీ అనుకుందాం. మొదటి నెలతో కలిపి 8,000 రూపాయలు చేతిలో ఉండాలి. దెబ్బలు తిని కట్టుబట్టలతో బయటపడిన స్త్రీకి అది ఎక్కడిది? ఆమె పొదుపు సంఘం అత్తగారి ఊళ్ళోనే ఉండిపోయింది. ఇల్లు వదలడమంటే అప్పు పుట్టే చోటును కూడా వదలడమే. ఇక భోగ్యానికి తీసుకోవాలంటే ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి. మెడలో బంగారం కూడా లేని స్త్రీకి అది ఊహకందని మాట.

డబ్బు సమకూరినా సమస్య తీరదు. పల్లెలో స్త్రీ కట్టే బాడుగలో సగం డబ్బు, సగం నడవడిక. "మీ ఆయన ఏం చేస్తాడు? ఎవరెవరు వస్తారు? రాత్రి ఎన్నింటికి వస్తావు?" అన్నీ అడిగాక, నేరుగానో చుట్టుతిప్పో, "మీరేమిట్లు?" అని కులం అడుగుతారు. ఊరి నడిమధ్య మిద్దెలు ఎవరివో, దళితవాడ ఎక్కడుందో మనకు తెలియంది కాదు. బంగారుపాళ్యం మండలం ఉన్న పూతలపట్టు నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వు అయినది. దళితులకు శాసనసభలో సీటు ఇచ్చిన రాజ్యాంగం, ఊళ్ళో దళిత స్త్రీకి ఒక గది బాడుగకు ఇప్పించలేకపోతోంది. కాగితం లేదు, రసీదు లేదు. ఇంటివాళ్ళకు కోపం వస్తే తెల్లారేసరికి సామాను వీధిలో ఉంటుంది.

స్త్రీ ఇలా బాడుగదారు కావడానికి మూలం పుట్టింట్లోనే ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆడపిల్ల నివాస గృహంలో వాటా విడదీయమని అడగరాదు. ఆ ఇంట్లో ఉండే హక్కయినా అవివాహితకో, భర్త వదిలేసినదానికో, భర్తతో విడిపోయినదానికో, వితంతువుకో మాత్రమే. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చి దేశానికి దారి చూపింది. అయినా అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేసింది. 23వ సెక్షన్ 2005లో గానీ పోలేదు. చట్టం పోయినా ఆచారం పోలేదు. అన్నదమ్ములతో రాకపోకలు తెగిపోతాయన్న భయంతో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టే అక్కచెల్లెళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ప్రభుత్వం స్త్రీల పేరిట పట్టాలిస్తోంది కదా అని కొందరు అంటారు. నిజమే. 2020 డిసెంబరులో మొదలైన పథకంలో పల్లెల్లో సెంటున్నర స్థలాన్ని స్త్రీల పేరిటే ఇచ్చారు. పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామని 2025లో వచ్చిన ప్రభుత్వ నిర్ణయం కూడా స్త్రీల పేరిటే. ఇవి ఆహ్వానించదగినవే. అయితే స్థలం ఇల్లు కాదు. గోడలు లేచేదాకా ఎక్కడో బాడుగకు ఉండాల్సిందే. పైగా ఈ పథకాలకు కొలబద్ద కుటుంబం. కార్డులో ఇంకా భర్తతోనే పేరున్న స్త్రీ విడిగా స్థలం అడగాలంటే, ముందు తాను వేరే మనిషినని రుజువు చేసుకోవాలి. ఆ రుజువుకు చిరునామా కావాలి. చిరునామాకు ఇల్లు కావాలి!

బాడుగదారుల కోసం చేసిన ఏర్పాట్లేమో ఊరి పొలిమేర దాకా రావు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రధానంగా మునిసిపాలిటీల కోసం చేసింది. వలస కార్మికులకు చవకగా అద్దె ఇళ్ళంటూ కేంద్రం 2020లో తెచ్చిన పథకం పట్టణాలకే. గృహహింస బాధితులకు సఖి కేంద్రంలో చోటు ఐదు రోజుల వరకే. ఆరో రోజున ఆమె ఎక్కడికి పోవాలి? చాలామంది తిరిగి ఆ ఇంటికే పోతారు. 'సర్దుకుపోయింది' అని మనం రాసుకునే కేసుల్లో, గది దొరక్క వెనక్కి పోయినవి ఎన్ని?

అందుకే సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు బాడుగను తమ ఎజెండాలో చేర్చుకోవాలి. చేతిలో ఉన్న ఆయుధాలు కొన్ని ఉన్నాయి. 2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద, ఆమె ఉన్న స్థాయి ఇంటినే వేరేచోట చూపించమనో, దానికి అద్దె కట్టమనో మేజిస్ట్రేటు భర్తను ఆదేశించవచ్చు. ఇకముందు మనం రాసే ప్రతి పిటిషన్‌లోనూ దీన్ని విడిగా, అంకె వేసి అడగాలి. మనోవర్తి కేసుల్లో కూడా (పూర్వపు 125వ సెక్షన్, 2024 జూలై నుంచి 144వ సెక్షన్) బాడుగను తిండి ఖర్చులో కలిపేయకుండా వేరే పద్దుగా చూపాలి.

రెండోది, మండల సమాఖ్యల్లో అడ్వాన్సు కోసం ఒక నిధి. స్త్రీ ఏ ఊరి సంఘంలో సభ్యురాలైనా, ఉన్న చోట అప్పు పుట్టేలా నియమం మార్చాలి. మూడోది, ఉద్యోగినుల హాస్టళ్ళు జిల్లా కేంద్రాలు దాటి మండలాలకు రావాలని, కూలి స్త్రీలకు కూడా వాటిలో చోటుండాలని అడగాలి. నాలుగోది, ఇంటి స్థలాల జాబితాలో ఒంటరి స్త్రీని ఆమె చెప్పిన మాట మీదే విడి కుటుంబంగా గుర్తించాలి.

పల్లెల్లో అద్దె నియమాలు పెడితే ఇళ్ళు ఇచ్చేవాళ్ళే ఉండరన్న అభ్యంతరం ఉంది. రెండు గదుల్లో ఒకటి బాడుగకిచ్చి బతికే వితంతువులు కూడా మనలో ఉన్నారు కాబట్టి దాన్ని కొట్టిపారేయకూడదు. మనం అడిగేది బాడుగ మీద పరిమితి కాదు. ఒక కాగితం, నెలనెలా రసీదు, ఖాళీ చేయించే ముందు గడువు, రెండు నెలలకు మించని అడ్వాన్సు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మాదిరి అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సు హద్దు రెండు నెలలనే చెప్పింది. ఇవి ఇంటి యజమానురాలికీ మేలు చేసేవే.

మొదటి పనిగా ప్రతి మండలంలోని కార్యకర్తలు తమ దగ్గరికి వచ్చిన స్త్రీలు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో, ఎంత కడుతున్నారో, ఎన్నిసార్లు ఇల్లు మారారో రాసి పెట్టాలి. జనాభా లెక్కలకు అందని ఈ సంగతులు మన రిజిస్టర్లలోనైనా ఉండాలి. రేపు కలెక్టరు దగ్గర మనం వాదించాల్సింది వాటితోనే.