“ఒక్క ఈతైనా...” అనే మాట గురించి



ఈసారి ఛందస్సునూ సమస్యాపూరణాలనూ పక్కన పెట్టి కుక్కల గురించి వ్రాస్తున్నాను. తెలుగు పండితుడికి కుక్కలతో పనేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మన ఆదికవి భారతకథలోకి దిగుతూనే, ఉదంకుడి కంటే ముందు, ఒక కుక్కపిల్ల కథ చెప్పాడని మాత్రం మనవి చేస్తున్నాను. ఆ కథ దగ్గరకు మళ్ళీ వస్తాను.

మొన్న ఆదివారం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుండి ఇంటికి వస్తూండగా మా పై అంతస్తు కుర్రవాడు ఎదురయ్యాడు. బ్యాంకు ఉద్యోగి, నెమ్మదస్తుడు. వాళ్ళింట్లో పింకీ అనే రెండేళ్ళ తెల్లకుక్క ఉన్నది. “మాస్టారూ, మీరు చాలాకాలం కుక్కలను పెంచారు కదా. పింకీకి ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నాం. కానీ ఒక్క ఈతైనా ఈనిన తర్వాత చేయిస్తేనే ఆరోగ్యానికి మంచిదట. మీకు తెలిసిన మంచి మగకుక్క ఎక్కడైనా ఉందా?” అని అడిగాడు.

నడివీధిలో నిలబడి చెప్పగలిగిన జవాబు కాదది. “సాయంత్రం మాట్లాడుకుందాం నాయనా” అని వచ్చేశాను. అతనికి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను. ఎందుకంటే ఆ “ఒక్క ఈతైనా” అనే మాటను ఒకప్పుడు నేనూ నమ్మాను. నమ్మడమే కాదు, నలుగురికి బోధించాను కూడా.

2009 విజయదశమికి మా అమ్మాయి ఒక కుక్కపిల్లను తెచ్చింది. తెల్లగా, దూదిపింజలా ఉండేది. అందరూ పామెరేనియన్ అనేవారు. అది నిజానికి ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’ సినిమాలో టఫీగా నటించినది ఈ జాతి కుక్కే. ఆ సినిమా తరువాత మధ్యతరగతి ఇళ్ళలో ఈ తెల్లకుక్కలు ఎంతగా కనిపించాయో మీలో నా వయసువారికి గుర్తుండే ఉంటుంది. దానికి నేను సరమ అని పేరు పెట్టాను. దేవతల కుక్క పేరు. మా వీధివారికి ఆ పేరు నోరు తిరగక కొంతకాలం “సరళ” అని పిలిచారు. అదే పేరుగల ఒక ఉపాధ్యాయిని ఎదురింట్లో ఉండడం వల్ల ఆ పిలుపు తొందరగానే ఆగిపోయింది.

మాది శాకాహారపు ఇల్లు. సరమకు మూడు పూటలా పెరుగన్నమే. ఏడాది తిరిగేసరికి దాని బొచ్చు రాలిపోయి చర్మం పొలుసులుగా లేచింది. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకుపోతే డాక్టరుగారు ఏం పెడుతున్నారని అడిగి, “మాస్టారూ, ఇది మీ గోత్రం కాదు. దీనికి మాంసకృత్తులు కావాలి. మాంసం పెట్టలేకపోతే కనీసం గుడ్డు పెట్టండి” అన్నారు. మా ఆవిడ రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు బాల్కనీలో విడిగా ఒక చిన్న స్టవ్వు, ఒక గిన్నె వెలిశాయి. సరమ కోసం మా ఇంట్లోకి గుడ్డు వచ్చింది. నెలన్నరలో బొచ్చు మళ్ళీ ఒత్తుగా వచ్చింది. మనం తినేదే కుక్కకూ పెడితే ప్రేమ అనుకుంటాము. ఉల్లిపాయలు వేసిన సాంబారు దాని నెత్తురును పాడుచేస్తుంది. పాయసంలోని కిస్మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చాక్లెట్ సంగతి సరేసరి. మనం వేసుకునే నొప్పి బిళ్ళలు సగం ముక్కైనా వైద్యుణ్ణి అడగకుండా వేయకూడదు. ఇవన్నీ నాకు ఆ ఆసుపత్రి బల్ల మీదనే తెలిశాయి.

ఆ రోజే డాక్టరుగారు ఇంకొక మాట కూడా చెప్పారు. “పిల్లలు అక్కరలేదనుకుంటే ఆపరేషన్ చేయించండి. గర్భసంచి ఉన్న ఆడకుక్కకు వయసు మళ్ళాక అందులో చీము పట్టే ప్రమాదం ఉంది. రొమ్ములో గడ్డలూ వస్తాయి. మొదటి ఎదకు ముందే చేయిస్తే ఆ గడ్డలు చాలావరకు తప్పుతాయి.” గుడ్డు విషయంలో విన్నవాణ్ణి ఈ విషయంలో వినలేదు. తల్లి కావడం ప్రతి ఆడప్రాణికీ సహజమైన హక్కు, దాన్ని కోసి పారేయడానికి మనమెవరమని ఆయనకే ధర్మశాస్త్రం చెప్పి వచ్చాను.

2012లో సరమ నాలుగు పిల్లలను పెట్టింది. సుమారు అరవై మూడు రోజుల చూలు. ఆ రాత్రి మా ఇంట్లో పండుగే. ముప్పై అయిదో రోజున పంచిపెట్టాము. చిన్నప్పుడే ఇస్తే కొత్త ఇంటికి త్వరగా అలవాటుపడతాయని ఎవరో చెప్పారు. తల్లి దగ్గర, తోడబుట్టినవాటి మధ్య కనీసం ఎనిమిది వారాలు ఉంటేనే పిల్లకు కొరకడంలో హద్దు, తోటి కుక్కలతో మెలిగే తీరు తెలుస్తాయన్నది అప్పటికి నాకు తెలియదు.

ఆ నాలుగింటి కథా చెప్పాలి.

ఒకటి వరంగల్లులో మా బావమరిది ఇంటికి పోయి నిశ్చింతగా బ్రతికింది. రెండవది నారాయణగూడలో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్ళింది. ఇల్లు దాటి బయటకు రాని పిల్లకు టీకాలెందుకని వాళ్ళు ఒక్కటి వేయించి ఊరుకున్నారు. పార్వో జబ్బు రావడానికి పిల్ల బయటకు పోనక్కరలేదు, మన చెప్పులకు అంటుకుని ఆ క్రిమే ఇంట్లోకి వస్తుంది. నేల మీద నెలల తరబడి చావకుండా ఉంటుంది. పిల్ల నెత్తురు విరేచనాలతో మూడు రోజుల్లో పోయింది. ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాల వయసు దాకా టీకాలు పూర్తి చేయాలి. మూడో నెలలో రేబీస్ టీకా, ఆపైన వైద్యుడు చెప్పిన గడువులో మళ్ళీ మళ్ళీ. నులిపురుగుల మందు సరేసరి. ఇవ్వేవీ నేను ఆ స్నేహితుడికి చెప్పి పంపలేదు.

మూడవది అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదువుకుంటున్న ఒక అబ్బాయి అడిగి తీసుకుపోయాడు. హాస్టల్ గదిలో నలుగురు కుర్రవాళ్ళు, మధ్యలో కుక్కపిల్ల. ఏడాదికి పరీక్షలయ్యాయి, అబ్బాయి ఊరికి వెళ్ళిపోయాడు. కుక్క మెట్ల కింద మిగిలిపోయింది. ఆ హాస్టల్ కాపలాదారు దాన్ని చేరదీశాడు. ఏటా పనిమానుకుని టీకాకు తీసుకువెళ్ళేవాడు. ఒకసారి నన్ను చూసి, “సారూ, మీరిచ్చిన కుక్క మస్తు హుషారుంది, నేను లేకుంటే బుక్క ముట్టది” అన్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాను. చదువుకున్న ఇళ్ళకు ఏరి కోరి ఇచ్చినవాటి కంటే అదే బాగా బ్రతికింది.

నాలుగవది ఆడపిల్ల. ఎడమచెవి మీద గోధుమరంగు మచ్చ. అశోక్‌నగర్‌లోనే ఒక కుటుంబం తీసుకున్నది. వాళ్ళు దాన్ని ఎదకు వచ్చినప్పుడల్లా జత కట్టించి పిల్లలను అమ్మారు. నాలుగేళ్ళలో ఆరు ఈతలు. 2017లో ఒక ఉదయం ఇందిరా పార్కుకు నడకకు పోతుంటే ప్రహరీ గోడ పక్కన రొమ్ములు వేలాడుతూ, చెవుల నిండా పిడుదులతో ఒక తెల్లకుక్క పడి ఉన్నది. చెవి మీది మచ్చ చూసి గుర్తుపట్టాను. ఈనడం మానేసిందని వదిలేశారు. ఇంటికి తెచ్చాను. నెత్తురు పరీక్షలో పిడుదుల జ్వరం తేలింది. నెల రోజులు మందులు వాడి, కోలుకున్న తరువాత ఆపరేషన్ చేయించాము. మా ఆవిడ చిన్ని అని పిలిచేది. 2022 దాకా మాతోనే ఉన్నది.

ఇక్కడే నా మూర్ఖత్వం చూడండి. చిన్నికి ఆపరేషన్ చేయించినవాణ్ణి సరమకు చేయించలేదు. ఎనిమిదేళ్ళ వయసులో కత్తిగాటు ఎందుకు, ఆరోగ్యంగానే ఉన్నది కదా అనుకున్నాను. పైగా అది ఒకసారి ఈనింది కనుక భయం లేదని ధీమా. ఒక ఈత ఈనితే రాబోయే జబ్బులు ఆగుతాయన్నది ఉత్తమాట. దానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. గర్భసంచి ఉన్నంతకాలం ప్రతి ఎద తరువాతా ఆ ప్రమాదం ఉంటుంది, వయసుతో పాటు పెరుగుతుంది.

2018 ఏప్రిల్‌లో, నేను పదవీ విరమణ చేసిన కొత్తలో, ఎద అయిన నెలన్నరకు సరమ మందకొడిగా తయారైంది. “ఏమండీ, ఇది నీళ్ళు మరీ ఎక్కువ తాగుతోంది, చూశారా?” అన్నది మా ఆవిడ. ఎండాకాలం కదా అన్నాను. మరునాడు అన్నం మానేసింది. అరగలేదేమో అన్నాను. నాలుగోరోజు పొట్ట ఉబ్బి, వాంతులు మొదలయ్యాక పరుగెత్తాము. గర్భసంచి నిండా చీము. కొన్నింటికి చీము బయటకు కారి తెలుస్తుంది. దీనికి లోపలే మూసుకుపోయింది. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. వాళ్ళు చేయగలిగినదంతా చేశారు. తెల్లవారుజామున పోయింది. మొదటిరోజే తీసుకువచ్చి ఉంటే అని డాక్టరుగారు అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు భారతకథ. జనమేజయుడు యజ్ఞం చేస్తుండగా సరమ కొడుకు ఆడుకుంటూ అక్కడికి వస్తాడు. దేనినీ ముట్టలేదు, మూతి పెట్టలేదు. అయినా రాజు తమ్ముళ్ళు కొట్టి తరిమారు. సరమ రాజు ముందుకు వచ్చి, తగునో తగదో చూడకుండా చేసే పనికి అనుకోని వైపు నుండి ఆపద వస్తుందని చెప్పి వెళ్ళిపోతుంది. దశాబ్దాల పాటు ఈ ఘట్టాన్ని తరగతి గదిలో గొంతెత్తి చెప్పాను, ప్రతిపదార్థాలు వ్రాయించాను. ఇంట్లో సరమ అనే కుక్కను కట్టుకుని ఆ “తగునో తగదో” అన్న విచారణ నేను ఎక్కడ చేశాను?

పిల్లలను పెట్టించడం తప్పని నేను అనడం లేదు. అది తెలిసినవారు, బాధ్యత పడేవారు చేయవలసిన పని. 2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకం, అమ్మకాలపై నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు. ఏడాదికి ఒక ఈతకు మించరాదు, జీవితకాలంలో అయిదుకు మించరాదు. ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మరాదు. మన వీధుల్లో బాల్కనీ వ్యాపారం చేసేవారిలో ఎందరికి ఈ నియమాలు తెలుసు? కొనేవారైనా అడగాలి. తల్లిని చూపించండి అనాలి. చూపించడానికి నసిగినచోట కొనకూడదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటికీలు లోపం తల్లిదండ్రుల నుండి దిగుతుంది. కుంటే కుక్కకు పిల్లలను పెట్టిస్తే కుంటే పిల్లలు పుడతాయి.

ఇక జాతుల మోజు. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పగ్ కనిపించగానే దేశమంతా పగ్‌ల కోసం ఎగబడింది. ముక్కు అణగిపోయిన ఆ ప్రాణికి ఊపిరి పీల్చడమే కష్టం. ఈమధ్య నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర మిట్టమధ్యాహ్నం ఒక హస్కీని నడిపించుకుపోతుంటే చూశాను. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన కుక్క. దానికి చెమట పాదాల కింద తప్ప పట్టదు, రొప్పుతూనే వేడిని వదలాలి. మన అరచేతి వెనుకభాగాన్ని కాసేపు తారురోడ్డు మీద పెట్టి చూస్తే కుక్క పాదం సంగతి తెలుస్తుంది. మన కృష్ణా, గోదావరి జిల్లాల్లో, కొల్లేటి ప్రాంతంలో జోనంగి అనే పొట్టిబొచ్చు కుక్క ఉన్నది. బాతుల మందలను కాసేది. ఆ పేరు చెబితే మా వీధి పిల్లలు అది ఏ దేశపుదని అడిగారు!

ఇదంతా ఇంట్లో కుక్క ఉన్నవారి గొడవ అనుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో, ఇక్కడికి దగ్గరే ఉన్న అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపాయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వీధికుక్కల సంఖ్య తగ్గాలి, అందులో నాకు సందేహం లేదు. పట్టుకుని ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, చెవికి గాటు పెట్టి తిరిగి అక్కడే వదలాలన్న విధానానికి 2001లోనూ, మళ్ళీ 2023లోనూ నియమాలు వ్రాశారు. అవి కాగితం మీద ఉన్నంత గట్టిగా వీధిలో అమలు కావలసి ఉన్నది. అయితే వీధికి కుక్కలను అందిస్తున్న ఇళ్ళలో మా ఇల్లు కూడా ఒకటి కాదా? ఇందిరా పార్కు గోడ పక్కన చిన్ని ఒక్కసారి ఈని ఉంటే ఆ పిల్లలు ఎవరి పద్దులో పడేవి?

రేబీస్ గురించి ఒక్క మాట. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న భయం మా తరానికి ఇంకా వదలలేదు. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పటివి భుజానికి వేసే నాలుగైదు టీకాలు. కుక్క కరిచినా, గోరు గీరి నెత్తురు చిమ్మినా, పసుపూ సున్నమూ పూయకుండా ధారగా పడే నీటి కింద సబ్బుతో పావుగంట కడగాలి. వెంటనే ఆసుపత్రికి పోవాలి. మనకు నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి నడిచిపోయే దూరంలోనే ఉన్నాయి. గాయం లోతైనదైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బ్రతకరు.

సాయంత్రం ఆ కుర్రవాడు భార్యతో కలిసి వచ్చాడు. నేను చెప్పినదంతా విని ఆ అమ్మాయి, “మరి మీరు అప్పుడు పాపమన్నారు కదా మాస్టారూ, ఇప్పుడు పాపం కాదా?” అని అడిగింది. మంచి ప్రశ్న. కుక్కను ఇంట్లోకి తెచ్చి, గొలుసు కట్టి, దాని తిండీ తిరుగుడూ మన చేతిలోకి తీసుకున్న రోజునే దాని ప్రకృతిలో చేయి పెట్టాము. ఆ తరువాతి కష్టం వచ్చేసరికి ప్రకృతి పేరు చెప్పి తప్పుకోవడం నాకు కుదరలేదమ్మా అన్నాను. ఆమె పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. కానీ మగకుక్కను వెతకడం మానేశారు.

పింకీ ఇప్పుడు ఎదలో లేదు, కనుక ఆపరేషన్‌కు అనువైన సమయమేనని డాక్టరుగారు అన్నారట. బుధవారం ఉదయం తీసుకువెళ్తున్నారు, నన్నూ రమ్మన్నారు. మంగళవారం రాత్రి నుండి ఏ తిండీ పెట్టవద్దని వాళ్ళకు మళ్ళీ ఒకసారి గుర్తు చేయాలి. వాళ్ళ నాన్నమ్మగారు ఎవరూ చూడకుండా దానికి బిస్కెట్లు పెడుతుంటారు.