దేవదాసు తాగితే విషాదం, సావిత్రి తాగితే గుణపాఠం

తాండూరులో మహిళా సంఘాల సభ్యులకు ఒక శిక్షణ శిబిరం జరిగింది. బండల పాలిషింగ్ మిషన్ల దగ్గర, పప్పు మిల్లుల్లో పనిచేసే స్త్రీలు ముప్పై మందికి పైగా వచ్చారు. విషయం పొదుపు, అప్పు, ఆస్తి హక్కులు. శిక్షణ ఇస్తున్నది మన ఉద్యమంలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషే. డబ్బు జాగ్రత్త గురించి చెబుతూ ఆమె నటి సావిత్రి కథ ఎత్తుకుంది. ఎంత సంపాదించినా మగవాణ్ణి నమ్మి, తాగుడుకు బానిసై, అన్నీ పోగొట్టుకుని దిక్కులేని చావు చచ్చిందని చెప్పి, "కాబట్టి మనం జాగ్రత్తగా ఉండాలి" అని ముగించింది. వెనక వరసలోంచి ఒకామె తలూపింది. "అవునమ్మా, గామె గంత సంపాయించి ఏం లాభం, తాగుడుకు మరిగి గట్ల పోయె."

ఆ రోజు నేను నోరు మెదపలేదు. వికారాబాదు తిరిగి వస్తూ రైల్లో కూర్చున్నాక కోపం వచ్చింది. కోపం ఆ శిక్షకురాలి మీద కాదు. ఇదే కథను ఇదే ముగింపుతో నేనూ రెండు మూడు సభల్లో చెప్పాను. మన సంఘాల్లో, మన పాఠాల్లో, మన పాటల మధ్య చెప్పే మాటల్లో సావిత్రి ఒక హెచ్చరిక బోర్డు అయిపోయింది. ఒక శ్రామికురాలి ముప్పై ఏళ్ళ పనిని హెచ్చరిక బోర్డుగా మార్చే హక్కు మనకెవరిచ్చారు?

ముందు ఆ పనేమిటో చూద్దాం. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టి, పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని, పెదనాన్న పెంపకంలో బెజవాడలో నాట్యం నేర్చుకున్న పిల్ల. ఇంకా ఆడుకునే వయసులోనే రంగస్థలం మీద ఆమె శ్రమ మొదలయింది. 1950లో 'సంసారం'లో నాయిక వేషానికి తీసుకుని, కెమెరా ముందు బెరుకుగా ఉందని తీసేసి, చిన్న వేషంతో సరిపెట్టారు. 1951లో 'పాతాళభైరవి'లో ఒక నృత్యం. 1953లో 'దేవదాసు' పార్వతి. 1955లో 'మిస్సమ్మ'లో భానుమతి తప్పుకోవడంతో, రెండో నాయికగా ఉన్న సావిత్రికి మొదటి పాత్ర దక్కింది. 1957లో 'మాయాబజార్'. అందులో శశిరేఖగానే కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా కూడా ఆమె నటించింది. మీసం లేకుండా, గద లేకుండా, ఒక్క నడకతో, మెడ విరుపుతో మగతనాన్ని వెక్కిరించిన ఆ నటనను మన స్త్రీవాద విమర్శ ఇంతవరకు సరిగా చదవనే లేదని నా ఫిర్యాదు. తెలుగు, తమిళం కలిపి రెండు వందలకు పైగా సినిమాలు. ఇదంతా పక్కన పెట్టి మనం చెప్పేది మాత్రం గ్లాసు గురించి!

గ్లాసు గురించే మాట్లాడదాం. 'దేవదాసు'లో నాయకుడు చేసిందేమిటి? ప్రేమించిన పిల్ల కోసం తండ్రిని ఎదిరించలేక పారిపోయాడు, తాగాడు, పార్వతి వాకిట్లో చచ్చాడు. ఆ పిరికితనాన్ని తెలుగు సమాజం డెబ్భై ఏళ్ళుగా మహావిషాదంగా కొలుస్తోంది. తాగుబోతు నటనకు అదొక కొలబద్ద అయింది. అదే సినిమాలో పార్వతిగా వేసిన స్త్రీ నిజజీవితంలో తాగితే, అది విషాదం కూడా కాదు, గుణపాఠం. మగవాడి తాగుడుకు కారణం లోకంలో వెతుకుతాం. ఆడదాని తాగుడుకు కారణం ఆమె గుణంలో వెతుకుతాం. మొదటి గ్లాసు ఎవరు అందించారన్న చర్చ ఇప్పటికీ నడుస్తోందంటే ఆశ్చర్యంగా లేదూ?

ఇక్కడ మనకో చేదు ప్రశ్న ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం మనది. ఆ పోరాటం వల్లే 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అప్పుడు మనం తాగేవాడి నీతి గురించి ఉపన్యాసాలివ్వలేదు. సారా పాటల ఆదాయం గురించి, కూలి డబ్బులు ఎటు పోతున్నాయన్న దాని గురించి, తాగించే రాజ్యం గురించి అడిగాం. ఆ ఎరుక సావిత్రి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

ఆమె పతనాన్ని ఆర్థిక చరిత్రగా చదివితే వేరే బొమ్మ కనిపిస్తుంది. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' సినిమాకు దర్శకత్వం వహించింది. కథ వీరపనేని సరోజిని, సంగీతం పి. లీల, నృత్యం రాజసులోచన, కళ మోహన. ముఖ్యమైన శాఖలన్నీ స్త్రీల చేతుల్లో పెట్టి ఒక తెలుగు సినిమా తీయాలన్న ఆలోచన 1968 నాటిది! మన 'స్త్రీ శక్తి సంఘటన' పుట్టడానికి పదేళ్ళ ముందు. ఆ తర్వాత దాన్నే తమిళంలో 'కుళందై ఉళ్ళం'గా తీసింది. 1969లో 'మాతృదేవత', 'చిరంజీవి', 1971లో 'వింత సంసారం', అదే ఏడాది 'మూగమనసులు' తమిళ రూపం 'ప్రాప్తం'. మూడు నాలుగేళ్ళలో అరడజను సినిమాలకు దర్శకత్వం. వీటిలో సొంత డబ్బు పెట్టినవి దెబ్బతీశాయి, 'ప్రాప్తం' మరీ గట్టిగా. మనం చెప్పుకునే కథలో ఈ నాలుగేళ్ళు ఒక్క వాక్యం: "సొంత సినిమాలు తీసి చేతులు కాల్చుకుంది."

చేతులు ఎలా కాలతాయో మద్రాసు సినిమా వ్యాపారం తెలిసినవాళ్ళను అడగండి. సినిమా సగం డబ్బు పంపిణీదారు ఇచ్చే అడ్వాన్సు. ఆ అడ్వాన్సు హీరో పేరును చూసి వస్తుంది. మిగతాది ఫైనాన్షియరు దగ్గర వడ్డీకి. నెగటివ్ మీద హక్కులు అతనికి రాసివ్వాలి, పైన ప్రోనోట్ల మీద సంతకాలు. సినిమా ఆడకపోతే నెగటివ్ పోతుంది, ప్రోనోటు మిగులుతుంది. దీనికి తోడు 1970ల మొదట్లో మన దేశంలో అత్యధిక ఆదాయాల మీద పన్ను సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం దాకా వెళ్ళింది. పారితోషికంలో కొంత లెక్కలో, కొంత లెక్క బయట ఇచ్చే అలవాటు పరిశ్రమంతా ఉండేది. చిన్నప్పటినుంచీ తన సంపాదన లెక్కలు ఇతరులు చూస్తుండగా పెరిగిన నటికి, ఆదాయపు పన్ను వాళ్ళు తలుపు తట్టే రోజున చేతిలో ఏ కాగితం ఉంటుంది?

కాగితాల మాట వచ్చింది కాబట్టి పెళ్ళి గురించి కూడా చెప్పాలి. అప్పటికే పెళ్ళయి పిల్లలున్న జెమినీ గణేశన్‌తో 1952లో ఆమె వివాహం రహస్యంగా జరిగింది. సబ్బు ప్రకటన మీద 'సావిత్రి గణేశ్' అని సంతకం చేసినప్పుడు గాని లోకానికి తెలియలేదని చెబుతారు. మద్రాసు రాష్ట్రంలో 1949 నాటికే హిందువుల ద్విభార్యత్వాన్ని నిషేధించే చట్టం ఉంది. తర్వాత 1955 హిందూ వివాహ చట్టం దేశమంతటా అదే చెప్పింది. అలాంటి పెళ్ళిలో చట్టం స్త్రీకి ఏమిస్తుంది? 1988లో యమునాబాయి కేసులో సుప్రీంకోర్టు రెండో పెళ్ళి చెల్లదు గనక ఆమెకు భరణమే రాదంది. మొదటి పెళ్ళి దాచి చేసుకున్నవాడు ఆ చెల్లకపోవడాన్నే అడ్డం పెట్టుకుని తప్పించుకోలేడని అదే కోర్టు చెప్పడానికి 2013 దాకా పట్టింది. సావిత్రికి భరణం కావలసి వచ్చిందని నేననడం లేదు. ఆమెను "నమ్మి చెడింది" అని తేల్చేవాళ్ళు, ఒక మగవాడు చట్టం ఉండగానే ఇన్ని సంసారాలు ఎలా చేయగలిగాడని అడగరు. పైగా అతని బిరుదు 'కాదల్ మన్నన్', ప్రేమకు రాజు!

మగవాళ్ళు కూడా దెబ్బతిన్నారు కదా అంటారు. తిన్నారు. చిత్తూరు నాగయ్య తన కాలంలో లక్షలు చూసినవాడు, సొంత సినిమాలు తీసి పోగొట్టుకున్నాడు, 1973లో దాదాపు ఏమీ మిగలకుండా పోయాడు. ఆయన గురించి మనమేమంటాం? దానకర్ణుడు, ఋషి అంటాం. సావిత్రి కూడా అడిగినవాళ్ళకు ఇచ్చింది. ఆమె ఇస్తే "లోకం తెలియని అమాయకురాలు" అంటాం. హిందీలో రాజ్ కపూర్ 1970లో 'మేరా నామ్ జోకర్'తో నిండా మునిగాడు. 1973లో 'బాబీ' తీసి తేలాడు. ప్రతిభ ఉంది, కాదనను. కానీ సొంత స్టూడియో ఉంది, కొడుకు హీరోగా ఉన్నాడు, మళ్ళీ నమ్మే పంపిణీదారులున్నారు. హాలీవుడ్‌లో రాబర్ట్ డౌనీ జూనియర్ మత్తుమందుల కేసుల్లో జైలుకు వెళ్ళాడు, 2008లో 'ఐరన్ మ్యాన్' అయ్యాడు, 2024లో ఆస్కార్ అందుకున్నాడు. అతని జీవితాన్ని పునర్జన్మగా రాస్తారు. అదే హాలీవుడ్‌లో చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచీ మాత్రలతో పనిచేయించబడిన జూడీ గార్లండ్ 1969లో 47 ఏళ్ళకే పోయింది. ఆమెది మాత్రం స్వయంకృతం. తిరిగి లేవడానికి ఒక మెట్టు ఉండాలి. ఆ మెట్టు ఎవరికి వేస్తారు, ఎవరికి వేయరు అన్నది గుణానికి సంబంధించిన విషయం కాదు.

వయసు సంగతి చూడండి. 1972లో 'బడిపంతులు'లో ఎన్టీ రామారావుకు మనవరాలిగా వేసిన శ్రీదేవి, 1979లో 'వేటగాడు'లో ఆయనకే నాయిక. ఆయనకు 56, ఆమెకు ఇంకా 16 కూడా నిండలేదు. ఆ సంవత్సరాల్లో, ఒకప్పుడు ఆయన సరసన వేసిన సావిత్రి తల్లి వేషాలకు, వదిన వేషాలకు చేరింది. 1981 ఫిబ్రవరిలో 'ప్రేమాభిషేకం' విడుదలయింది. 'దేవదాసు' నాయకుడు అక్కినేని అందులోనూ ప్రేమికుడే. పార్వతి అప్పటికి నెలల తరబడి మద్రాసులో స్పృహ లేకుండా పడి ఉంది. పంతొమ్మిది నెలలు అలాగే ఉండి 1981 డిసెంబరు 26న, యాభై నిండకుండానే పోయింది. ఇద్దరు హీరోలూ ప్రతిభావంతులే, వాళ్ళను తప్పు పట్టడం లేదు. నేను చూపుతున్నది కొలతలో తేడా.

"మరి భానుమతి? ఆమె ఎలా నిలబడింది?" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. భానుమతి గొప్ప స్త్రీ, నాకూ ఇష్టం. 1953లోనే 'చండీరాణి'కి మూడు భాషల్లో దర్శకత్వం వహించింది. కానీ భర్త రామకృష్ణ నిర్మాత, దర్శకుడు, ఇంటిపేరుగా మారిన భరణీ సంస్థ, స్టూడియో ఆమె వెనక ఉన్నాయి. 2002లో గిన్నిస్ బుక్కెక్కిన విజయనిర్మలకూ ఇంట్లోనే హీరో, ఇంట్లోనే నిర్మాణ సంస్థ. ఇది వాళ్ళ ప్రతిభను తగ్గించడం కాదు. ఈ పరిశ్రమలో స్త్రీ నిలబడాలంటే పనిచేసే చోటు కుటుంబం అయి ఉండాలన్నది దీనిలోంచి తేలే సంగతి. కుటుంబం చెదిరిన స్త్రీకి పని కూడా చెదురుతుంది. పైగా నిలబడిన భానుమతికి మనం ఇచ్చిన పేరేమిటి? పొగరుబోతు.

2018లో 'మహానటి' వచ్చింది. కీర్తి సురేష్‌కు జాతీయ అవార్డు కూడా వచ్చింది. చాలా ప్రేమతో తీసిన సినిమా, నేనూ ఏడ్చాను. అయినా దర్శకురాలు సావిత్రి కన్నా ప్రేమలో ఓడిన సావిత్రే అందులో ఎక్కువ చోటు ఆక్రమించింది. చిత్రమేమిటంటే అదే 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు ఫిలిం ఛాంబర్ ముందు ఒక నటి అర్ధనగ్నంగా కూర్చుని వేషాల కోసం జరిగే లైంగిక దోపిడీ గురించి మాట్లాడింది. పోయిన నటికి కన్నీళ్ళు, బతికున్న నటికి వెక్కిరింతలు. తెలంగాణ ప్రభుత్వం వేసిన ఉపసంఘం నివేదిక సిద్ధమైనా బయటికి రాలేదు. 2024 ఆగస్టులో కేరళ హేమ కమిటీ నివేదిక వెలువడ్డాక, ఇక్కడి నివేదికను ప్రచురించమని నటీమణులు బహిరంగంగా అడగవలసి వచ్చింది. అనంతగిరి గుట్టల్లో షూటింగులు జరిగే మన వికారాబాదులో, అక్కడ పనిచేసే స్త్రీలకు ఫిర్యాదు ఎక్కడ చేయాలో తెలుసా అని మన సంఘాలు ఒక్కసారైనా అడిగాయా? పనిస్థలంలో లైంగిక వేధింపుల చట్టం 2013 నుంచి ఉంది. అనంతగిరి గుట్ట కూడా పనిస్థలమే.

తర్వాతి శిబిరంలో నేనే సావిత్రి కథ మళ్ళీ చెప్పాను. ఈసారి తాగుడు గురించి కాదు, 'చిన్నారి పాపలు' గురించి, ప్రోనోట్ల గురించి, నెగటివ్ తాకట్టు గురించి. నీరసంగా వింటారేమో అనుకున్నాను. బండల పాలిషింగ్‌లో పదేళ్ళుగా పనిచేస్తున్న ఒకామె మధ్యలోనే అడిగింది: "గా సినిమాకు అప్పు ఎవరి పేరు మీద తెచ్చిండ్రు మేడం?" ఆమె పేరు మీదే అన్నాను. "మా తాన గూడ గట్లనే. సంఘం లోను నా పేరు మీద, సంతకం నాది. పైసలు ఆయన తీసుకొని బండల ధందల పెట్టిండు, మునిగిండు. ఆయనను పాపం అన్నరు. కిస్తీలు నేను గడుతున్న. నన్ను తెలివి లేనిది అన్నరు."

ఆ తర్వాత గంటన్నర ఎవరూ కదల్లేదు. ఒక్కొక్కరే తమ సంతకాల లెక్క చెప్పారు. ముప్పై నాలుగు మందిలో పాసుబుక్కు తమ దగ్గరే ఉంచుకున్నవాళ్ళు తొమ్మిది మంది. మన శిక్షణ పుస్తకంలో సావిత్రి పాఠం ఉన్న ఆ రెండు పేజీలు తీసేసి, వాటి స్థానంలో ఈ ప్రశ్నలు పెట్టాలని నా ప్రతిపాదన: అప్పు ఎవరి పేరు మీద, డబ్బు ఎవరి చేతిలో, లెక్క ఎవరి దగ్గర. వచ్చే సమన్వయ సమావేశంలో దీన్ని చర్చకు పెడుతున్నాను. వ్యతిరేకించేవాళ్ళు ముందే రాసి పంపితే మంచిది.