మూడోవంతులో మా వంతేది?

బొర్రా కొండల్లో గిరిజనుల భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులో గెలిచారు సరే, చట్టసభలో? బొర్రా ఉన్న అరకు లోక్‌సభ స్థానం ఎస్టీలది. 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మా తనూజారాణి. వరసగా ముగ్గురూ స్త్రీలే, అదీ మహిళా కోటా లేకుండానే! గిరిజన స్త్రీకి తలుపు తీసింది ఎస్టీ రిజర్వేషనే.

మరి మా బూబమ్మలకు ఏ తలుపుంది? 1957లో పత్తర్‌గట్టిలో గెలిచిన మాసూమా బేగం మంత్రి కూడా అయ్యారు. లోక్‌సభకు మాత్రం ఆంధ్ర, తెలంగాణల నుంచి ఒక్క ముస్లిం స్త్రీ కూడా గెలిచి వెళ్లలేదు. 2023 చట్టం స్త్రీలకు మూడోవంతు రాసింది. అందులో ఎస్సీ, ఎస్టీ స్త్రీలకు వాటా ఉంది. బీసీ, ముస్లిం స్త్రీలకు లేదు. లోక్‌సభలో 454 మంది ఔనంటే కాదన్నది ఇద్దరే, ఇద్దరూ మజ్లిస్ మగవాళ్లే.

సెక్యులర్ మిత్రులారా, స్త్రీలంతా ఒకటేనని మాకు చెప్పకండి. ఆకలి ఒకటే కావచ్చు, వడ్డన ఒకటి కాదు. మా జనాబ్‌లకూ ఒక మాట: ఉపకోటా అడిగే ముందు మీ టికెట్లలో మా వాటా చూపండి. పర్దా బురఖాలోనే లేదు, బీఫారం దగ్గరా ఉంది.