సేవాసంఘములు - బిడ్డల రక్షణము

వేసవి సెలవులు వచ్చినంతనే మన పట్టణములలో బాలుర శిబిరములు వెలయును. సాయంకాలపు పాఠశాలలు, వ్యాయామశాలలు, అనాథాలయములకు బోయి చదువు చెప్పు యువకమండలులు ఏడాది పొడుగునను నడచుచునే యున్నవి. ఇవి యన్నియు జీతము కోరని సేవకుల త్యాగముపై నిలిచియున్నవి. వారియెడ మాకు గల గౌరవమే యీ నాలుగు మాటలు వ్రాయుటకు మమ్ము పురికొల్పినది.

జీతము పుచ్చుకొనని వానిని ప్రశ్నింపరాదను భావ మొకటి మనలో వేళ్లు పాతుకొని యున్నది. కొట్టులో గుమాస్తాను కుదుర్చుకొనునప్పుడు పూర్వోత్తరములు విచారింతుము. బిడ్డల నప్పగించునప్పుడు మాత్రము మాటతీరు చూచి తృప్తి పడుదుము. కేంద్రప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి శాఖవారు 2007లో ప్రకటించిన నివేదికను చూడుడు. 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారింపగా, నూటికి 53 మంది యేదో యొక రూపమున లైంగిక దుశ్చేష్టలకు గురియైనట్లు చెప్పిరి. బాధించినవారిలో ఇంచుమించు సగము మంది ఆ బిడ్డ లెరిగినవారు, నమ్మినవారు. దొంగ గోడ దూకి రాలేదు. మనమే తలుపు తీసి లోనికి బిలిచితిమి.

అట్టి ఫిర్యాదు వచ్చినప్పుడు మన సంఘములు చేయున దేమి? కార్యవర్గము తలుపులు మూసికొని కూర్చుండును. తల్లిదండ్రులకు నచ్చజెప్పుదురు. ఆ సేవకునిచే రాజీనామా వ్రాయించుకొని మౌనముగ సాగనంపుదురు. సంఘము పరువు దక్కినదని యందరును సంతోషింతురు. ఆతడు పొరుగూరికి బోయి మరియొక సంఘమున చేరును. అచ్చట నున్న బిడ్డల గతి యేమి?

అమెరికాలోని బాయ్ స్కౌట్స్ సంఘమువారు పనికిరాని నాయకుల పేర్లతో రహస్యపు దస్త్రములను దశాబ్దముల తరబడి పెట్టుకొనిరి. వారికి తెలిసినవానిలో పెక్కు సంగతులు పోలీసులకు చేరలేదు. 2012లో న్యాయస్థానము ఆజ్ఞపై ఆ దస్త్రములలో కొన్ని వెలికివచ్చినవి. 2020లో ఆ సంఘము దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. 82,000 మందికి పైగా బాధితులు తమ గోడు చెప్పుకొనిరి. పరిహారమునకు 246 కోట్ల డాలర్ల నిధి యేర్పడెను. పరువు కొరకు దాచినందున పరువును దక్కలేదు, ధనమును దక్కలేదు. బిడ్డలకు జరిగిన నష్టమో, ఏ నిధికిని పూడునది కాదు.

మనదేశమున చట్టము స్పష్టముగనే యున్నది. జనులు పోక్సో యని పిలుచు 2012వ సంవత్సరపు చట్టములోని 19వ సెక్షను ప్రకారము, ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివ్యక్తియు పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి ఆరు నెలల వరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. తన క్రింద పనిచేయువాని నేరమును దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు ఖైదును జుల్మానాయు గలవు. అనగా రాజీ కుదిర్చిన అధ్యక్షుడు పెద్దమనిషి కాడు, ముద్దాయి.

"అబద్ధపు నిందవలన నిజమైన సేవకుడు నాశనము కాడా?" అని కొందరడుగుదురు. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. ద్వేషముతో అబద్ధము చెప్పిన పెద్దలను శిక్షించుటకు ఆ చట్టమే యవకాశ మిచ్చినది. సద్బుద్ధితో తెలిపినవారికి రక్షణయు నిచ్చినది. విచారణ ముగియువరకు ఒకనిని బిడ్డలకు దూరముగ నుంచుట తీర్పు కాదు, జాగ్రత్త. నిజానిజములు తేల్చుట పోలీసుల పని, న్యాయస్థానము పని. కార్యవర్గ సభ్యులు ఒక్కొక్కరును బిడ్డను పిలిచి గ్రుచ్చి గ్రుచ్చి యడిగినచో బిడ్డ బెదరును, సాక్ష్యము చెడును, నిర్దోషికిని న్యాయము జరుగదు.

కావున ప్రతి సంఘమును వెంటనే చేయదగిన పనులు కొన్ని గలవు. సేవకుని జేర్చుకొనుటకు ముందు అతడు పూర్వము పనిచేసిన చోట విచారింపవలెను, పోలీసువారిచే పరిశీలింపజేయవలెను. ఏ పెద్దయు ఏ బిడ్డతోను నలుగురి కంటికి మరుగున ఒంటరిగ నుండరాదని నియమ ముండవలెను; ఇది బిడ్డకు రక్ష, సేవకునికిని రక్ష. ఫిర్యాదు వినుట కొక స్త్రీని, ఒక పురుషుని నియమించి వారి పేర్లు గోడపై వ్రాయవలెను. 1098 అను టెలిఫోను సంఖ్యను బిడ్డలచే కంఠస్థము చేయింపవలెను. బిడ్డ చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని ఆలసింపక పోలీసులకు తెలుపవలెను. బిడ్డ పేరు బయటికి పొక్కరాదు. 23వ సెక్షను పత్రికలకు సైతము దానిని నిషేధించుచున్నది.

ఇది సేవకులపై అపనమ్మకము కాదు. ఖజానాదారుడు యోగ్యుడే యైనను లెక్కలు తనిఖీ చేయింతుము గదా! చందా డబ్బులకు చూపు జాగ్రత్త బిడ్డలయెడ చూపని సంఘమునకు బిడ్డల నప్పగించుమని యడుగు హక్కు లేదు.