బోనెక్కిన బిడ్డ వెంట ఎవరున్నారు?

2014 జనవరిలో నల్లగొండ జిల్లా పెద్దఅడిశర్లపల్లి మండలంలో ఒక ఘోరం వెలుగు చూసింది. అక్కడి ఒక ప్రైవేటు హాస్టల్లో పదిమందికి పైగా గిరిజన బాలికలపై ట్యూటర్ అత్యాచారం చేశాడు. నల్లగొండ కోర్టు దోషులకు యావజ్జీవ శిక్ష వేసింది 2018 జనవరిలో. మధ్యలో నాలుగేళ్లు! 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, కోర్టు కేసు స్వీకరించిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు కావాలి, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగియాలి. వాయిదాలు మాత్రం చట్టం మాట వినవు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే తండాలో, వలసపోతేనే పూట గడిచే పాలమూరు పల్లెలో ఒక్కో వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీలు అదనం. ఊరివాళ్ల చూపులు సరేసరి.

ఈ అలసట చూసే రాజీ మాటలు మొదలవుతాయి. అవి ఊరి పెద్దమనుషులే కాదు, సంఘపెద్దలూ మాట్లాడతారు. 'క్షమించమ్మా, ప్రభువే చూసుకుంటాడు' అంటాం. కాపరులమైన మేమూ ఈ తప్పుకు అతీతులం కాము. విశ్వాసులు కోర్టుకెక్కరాదంటూ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం చూపిస్తాం. అక్కడ పౌలు మాట్లాడింది సహోదరుల మధ్య తగాదాల గురించి, ఒకరినొకరు మోసగించుకోవడం గురించి. ఆడబిడ్డపై జరిగిన దౌర్జన్యం తగాదా కాదు, నేరం. నేరం చేసినవాణ్ని శిక్షించే పని దేవుడు అధికారులకు అప్పగించాడని రోమా పత్రిక 13వ అధ్యాయంలో రాసిందీ ఆ పౌలే.

ఆయన కూడా దెబ్బలు తిన్నవాడే. ఫిలిప్పీలో విచారణ లేకుండా, జనమంతా చూస్తుండగా పౌలు సీలలను బెత్తాలతో కొట్టించి చెరలో వేశారు (అపొ.కా. 16). ఆ రాత్రే పౌలు చెరసాల నాయకుణ్ని ఆత్మహత్య నుంచి కాపాడాడు, అతని ఇంట భోజనం చేశాడు. క్షమాపణ అంటే అదే. తెల్లారాక న్యాయాధిపతులు గుట్టుగా వెళ్లిపొమ్మని కబురు పంపితే మాత్రం ఆయన కదల్లేదు. బహిరంగంగా కొట్టించినవాళ్లు తామే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. వాళ్లు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. క్షమించిన మనిషే జవాబు అడిగాడు. ఈ భాగం మీద ఎన్ని ప్రసంగాలు చేశామో! చెరసాల పునాదులు అదరడం దగ్గరే ఆగిపోతాం.

తామారు కథ ఇందుకు భిన్నం (2 సమూ. 13). ఆమె ఏడుస్తూ బయటికి వచ్చింది. అన్న అబ్షాలోము నోరు మూయించాడు. దావీదు రాజు కోపపడ్డాడు, విచారణ మాత్రం జరపలేదు. రెండేళ్లకు ఆ ఇంట్లోనే హత్య జరిగింది.

సొంతింటి ఒత్తిడి మన జిల్లాకు కొత్త కాదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను భార్య అమృత కళ్లెదుటే నరికి చంపారు. సాక్ష్యం మార్చుకోమని ఆమెపై ఒత్తిడి తెచ్చారన్న ఫిర్యాదుపై 2019 నవంబర్‌లో పోలీసులు అరెస్టు చేసింది ఆమె కన్నతండ్రినే. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఉరిశిక్షపై క్రైస్తవుల్లో భిన్నాభిప్రాయాలుండొచ్చు. సాక్షిని బెదిరించడంపై ఉండకూడదు.

చట్టం ఇచ్చిన ఆసరా మన సంఘాల్లో చాలామందికి తెలియదు. పోక్సో కేసులో లాయర్లు బిడ్డను నేరుగా ప్రశ్నించకూడదు, జడ్జి ద్వారానే అడగాలి. నిందితుడు బిడ్డ కంటబడకూడదు. బిడ్డ నమ్మిన మనిషి పక్కన ఉండవచ్చు. అత్యాచార కేసుల్లో బాధితురాలి గత నడవడిని తవ్వే ప్రశ్నలు చెల్లవు. ఆమె సాక్ష్యం నమ్మదగినదైతే అదొక్కటే శిక్షకు చాలునని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. ఇంకో సంగతి మా పాస్టర్లకే: పసిబిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే, ఆ మౌనమే పోక్సో కింద నేరం.

సంఘంలో అలాంటి కుటుంబం ఉంటే ప్రార్థన మనవి పేరుతో మైకులో ఆమె పేరు చదవొద్దు. వాయిదా ఏ రోజో తల్లిని విడిగా అడగండి. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు ఆ ఉదయం వాళ్లతోపాటు బస్సెక్కి, పిలుపు వచ్చేదాకా కోర్టు వరండాలో పక్కన కూర్చోవచ్చు. ఆ రోజు కూలి డబ్బు సంఘపు పెట్టెలోంచి ఇవ్వవచ్చు.